బాతుల తాళంచెవి

జూన్ 4
మా ఆవిడ బాతులు ఆరూ చచ్చాయి. ఎండదెబ్బ అని తానే తేల్చేసి, వట్టి చేతులతో పెరట్లో పాతిపెట్టింది. నేను గడప దాటలేదు. ఆ జాతికీ నాకూ మొదటినుంచీ చుక్కెదురు.

మా చిన్నమ్మాయిది వైరస్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఏళ్ళ తరబడి చెరువుల వెంట తిరిగి బాతుల రెట్ట పోగుచేస్తుంది. రెట్టల డాక్టరమ్మ అని వీధంతా ఎగతాళి. సాయంత్రం వచ్చింది, సంగతి విని గేటు దగ్గరే ఆగిపోయింది. అమ్మా, ఆ చేతులు మొహానికి పెట్టుకోకే అంది. నిన్ను ఈ చేతులతోనే పెంచాను, చచ్చావా అంది మా ఆవిడ.

అమ్మాయి అక్కడి నుంచే ల్యాబ్‌కు ఫోన్ కలిపింది.

జూన్ 5
తెల్ల సూట్లవాళ్ళు వచ్చి బాతులను తవ్వుకుపోయారు. ముట్టుకున్నదెవరని అడిగారు. ఆవిడ ఒక్కతే. ఇద్దరూ వేరు వేరు గదుల్లో ఉండండి అన్నారు. ఉన్నదే ఒక్క గది నాయనా అన్నాను.

జూన్ 8
ఆవిడకు జ్వరం.

జూన్ 8, మధ్యాహ్నం
ఆస్పత్రిలో ఆవిడను వార్డులోనూ, నన్ను అద్దాల గదిలోనూ పెట్టారు. సొంత మనిషి శాంపిల్ ముట్టుకోకూడదని ల్యాబ్‌లో రూలట. చెయ్యి వణుకుతుందని. అమ్మాయిని బయటికి పంపేశారు. వచ్చి అద్దం అవతల కూర్చుంది. ఫోన్‌లో మాటలు.

లోపల ఏం చూస్తారే అని అడిగాను. వైరస్ అంటే బాతు తాళానికి చేసిన తాళంచెవి అనుకో నాన్నా, అది మనిషి తాళానికి పడుతుందా అని చూస్తారు అంది.

జన్మంతా తాళాలు బాగుచేసినవాణ్ణి. పొరుగింటి తాళంచెవి మనింటికి పట్టకపోవడం దేవుడి దయేమీ కాదు, ఆకురాయితో రెండు రుద్దుల తేడా. ఓసారి నేను కోళ్ళగూటికి చేసిన తాళంచెవి పోలీసు లాకప్పుకు పట్టింది. వాళ్ళు నన్నే అనుమానించారు, అది వేరే కథ. ఇన్నాళ్ళూ చెప్పుకుని నవ్వేవాణ్ణి. ఇవాళ నవ్వు రావడం లేదు.

జూన్ 9
పట్టింది. బాతుల వైరసే.

అయితే అమ్మాయివాళ్ళు ఎప్పుడో రెట్టలో పట్టుకున్నదానికి ఇది తోబుట్టువట. ఏ మందుకు లొంగుతుందో అప్పుడే తేల్చి పెట్టుకున్నారు. వెంటనే అదే మొదలుపెట్టారు. వీధి ముక్కు మూసుకున్న రెట్టే మా ఆవిడ ప్రాణానికి అడ్డుపడింది.

ఇంకో సంగతి. తాళంచెవి కాస్త అరిగిందట. బాతు నుంచి మనిషికి దూకేంత అరిగింది, సరే. మనిషి నుంచి మనిషికి పాకేంత అరిగిందా అన్నదే తెలియదు. అదే గనక నిజమైతే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతాయి నాన్నా అంది.

జూన్ 11
ఆవిడ లేచి కూర్చుంది. తిండి చప్పగా ఉందని నర్సుతో తగువు పెట్టుకుందట. మీ ఆవిడకు ఒంటికంటే నోరు ముందు కోలుకుందండీ అని నర్సు.

నాకు పొద్దుటి నుంచి గొంతు గరగర. చెప్పనా మాననా అనుకున్నాను. చెప్పాను.

జూన్ 12
పాజిటివ్.

అమ్మాయి ఇవాళ కుర్చీలో కూర్చోలేదు. ఫోన్‌లో బతిమాలుతోంది. ఒక్క బాతునైనా ముట్టుకున్నానని చెప్పు నాన్నా. పోనీ, ఒక్క ఈకనైనా.

ముట్టుకోలేదమ్మా అన్నాను.