నాలుగు వందల గ్రాముల తేడా

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను, నాన్న బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు, నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా దగ్గు తగ్గింది. చెక్క నున్నగా రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నావు, కట్టుకుంటున్నాను. నాన్న రోజూ వర్క్‌షాపుకు వస్తున్నారు. గిటార్లు చెయ్యడం మానేసి నాలుగేళ్లయినా, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, నేను ఉలి పట్టినప్పుడల్లా దగ్గుతారు. ఆ దగ్గుకు మాత్రం మందు లేదు.

ఇక నువ్వడిగిన గిటార్. నాన్న తన కోసం చేసుకుని నీకిచ్చిన దానికి జోడీగా ఇంకొకటి కావాలన్నావు. సరే. అదే ఆకారం, అదే ఎరుపు. సరే. మోచెయ్యి ఆనే చోట రంగు అరిగినట్టు ఉండాలన్నావు. కొత్త చొక్కా కుట్టించుకుంటూ మోచేతి దగ్గర చిరుగు పెట్టమని ఎవరైనా అడుగుతారా? నాన్నకు చెప్పొద్దని రెండుసార్లు రాశావు. నేను అడక్కుండానే "పాతది భద్రంగానే ఉంది" అని కూడా రాశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. వచ్చే నెల నాన్న నీ కచేరీకి వచ్చి, ఆ పాత గిటార్ మీద నీతో కలిసి ఒక పాట వాయించబోతున్నారని నాకు గుర్తులేదనుకున్నావా?

అనుమానం పెనుభూతం అంటావు. కానీ బరువు సంగతి చూడు. సరిగ్గా నాలుగు కిలోల ఆరువందల గ్రాములుండాలి అన్నావు. నా దగ్గరకొచ్చేవాళ్లంతా బరువు తగ్గించమనేవాళ్లే, ఇంత ఉండాల్సిందేనని పట్టుబట్టినవాడివి నువ్వొక్కడివే. మెడ, తీగల నాదం పట్టే పికప్‌లు, తీగలు ఆనే బ్రిడ్జి, తీగలు బిగించే మరలు అన్నీ కలిపి కిలో ఆరువందలు. మిగతా మూడు కిలోలూ గిటార్ ఒంటికి వాడే చెక్కలోనే రావాలి. దుకాణంలో ఉన్న పలకలన్నీ తూకం వేశాను. ఒకే కొలతవైనా దేని బరువు దానిదే. మరీ తేలిక చెక్క తీసుకుంటే మెడ బరువుకు గిటార్ వాలిపోయి నేలచూపులు చూస్తుంది, మరీ బరువుదైతే వాయించేవాడి భుజం పోతుంది. రెండు రోజులు వెతికి, సరిపోయే పలక ఒకటి తీసి పెట్టాను. తీశాక పని సాగలేదు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావేమో. ఫోన్లో నువ్వు నవ్వుతావు, నేను మెత్తబడిపోతాను. అందుకే రాస్తున్నాను. ఆ గిటార్ నీ దగ్గర లేదు. విరిగిందో, పోయిందో, ఎవరికైనా ఇచ్చేశావో నాకు తెలియదు. లేదన్నది మాత్రం తెలుసు.

నాలుగు ఆరువందలు అన్నది నాన్న పాత నోటుబుక్కులో ఉన్న అంకె. ఆ పేజీ ఫోటో నీకు పంపింది నేనే. నువ్వు నిజంగా గిటార్ని తూకంలో పెట్టి ఉంటే నాలుగు రెండువందలు వచ్చేది. ఆ నాలుగు వందల గ్రాములు దొంగిలించిందీ నేనే.

పదేళ్ల కిందట నాన్న భుజం పట్టేసి రెండు నెలలు గిటార్ ముట్టుకోలేదు. కాస్త తేలిక చెయ్యనా అని అడిగితే, "బరువులోనే ఉంది నాదం. తేలికది కావాలంటే పిల్లనగ్రోవి కొనుక్కో" అన్నారు. ఆయన డాక్టరు దగ్గరకు వెళ్లిన పూట గిటార్ ముందువైపున్న ప్లాస్టిక్ పలక విప్పి, దాని కింద చెక్కంతా తొలిచేసి, మళ్లీ బిగించాను. తర్వాత ఆయన గిటార్ మెడలో వేసుకుని, వ్యాయామంతో భుజం ఎలా గట్టిపడిందో చూడండని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. నేను పక్కన నిలబడి తలూపాను. నిన్ను దొంగ అనాలంటే ముందు నేను దొంగనని ఒప్పుకోవాల్సి వచ్చింది. సిగ్గుగా ఉందిరా.

ఇంతవరకు నిన్న రాశాను. ఇవాళ పొద్దున నాన్నకు నా సంగతి చెప్పేశాను. నీ మాట ఎత్తలేదు. కానీ బల్లమీద ఆ ఆకారం గీసిన అట్ట, పక్కనే ఎర్రరంగు డబ్బా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, "తమ్ముడు దీనికి ఎంత బరువు అడిగాడు?" అన్నారు. అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, నిజం చెప్పాను.

"అయితే అది వాడి దగ్గర లేదన్నమాట."

కోప్పడతారనుకున్నాను. లేచి వచ్చి, నేను తీసి పెట్టిన పలకను రెండు చేతులా ఎత్తబోయి, సగంలోనే దించేశారు.

"ఇంత వద్దమ్మా. మొత్తం మూడున్నరకు దించు. ఇప్పుడు నేను మొయ్యగలిగింది అంతే. వాడికి రాయి, పోయినదానికి భయపడి నా ముందుకు రావడం మానెయ్యొద్దని."

ఆ మనిషి నోట ఆ మాట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన చూడకుండా తూకం తుడుస్తూ ఏడ్చాను. తేలిక చెక్క తెప్పిస్తున్నాను. మెడ వాలకుండా మరలు కూడా తేలికవే వేస్తాను. దాన్ని చూసి పాతదని ఎవరూ మోసపోరు. కచేరీకి ముందే ఇంటికి వచ్చి, ఏం జరిగిందో నీ నోటితో ఆయనకు చెప్పు. గిటార్ చేస్తున్నది మాత్రం నీకు కాదు, ఆయనకు.

ఇట్లు,
నీ తోటి దొంగ,
అక్క