ఆమెన్ అనకముందే

శనివారం, నవంబర్ 2007

ఖమ్మంల కొత్తగ తెరిచిన పిజ్జా హోటల్‌కు రూతు, కరుణాకర్, నేను పోయినం. పిజ్జా అప్పడం లెక్క పల్చగుంది, ముట్టుకుంటేనే విరుగుతది. ఎప్పటిలెక్కనే తినేముందు రూతు ప్రార్థన మొదలుపెట్టింది. ముగ్గురం కండ్లు మూసుకున్నం.

ప్రార్థన సగంల ఉండంగ కరకరమని కొరికిన చప్పుడు.

రూతు కండ్లు తెరవకుంటనే కసిరింది. "సామేలూ, ఆగు! ఇంకా ఆమెన్ అనలే."

సామేలు ఎప్పుడూ గంతే, ప్రార్థన అయ్యేదాక ఆగేటోడు కాదు. కానీ వాడు పోయిన ఎండాకాలం పర్ణశాల కాడ గోదాట్ల మునిగి చచ్చిపోయిండు.

కండ్లు తెరిచి చూస్తే ఎనిమిది ముక్కలూ ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. "నాకూ ఇనపడ్డది" అన్నడు కరుణాకర్. నాకైతే ఏం ఇనపడలేదన్న. అబద్ధం.

ఇంటికొచ్చినంక నిద్ర పడతలేదు. ఆ రోజు గోదాట్ల తానం చేసి, అన్నం చల్లారుతదని మేం ముగ్గురం జల్దీ ఒడ్డెక్కినం. అందరికన్న ఎనక నేనున్న. "ఆగుండ్రి" అని సామేలు అరిచిండు. ఆట పట్టిస్తున్నడనుకొని తిరిగి చూడలే.

వాళ్లమ్మ అడిగితే గప్పుడు కూడ ఏం ఇనపడలేదనే చెప్పిన.