సైదులు ఎత్తిన బొటనవేలు

బుధవారం, కృష్ణానగర్

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో వేసిన సముద్రతీరపు మాల్ సెట్టు ఇవాళ సగం కూల్చేశాం. కింద దుకాణాలు, పైన హోటలు, ఆపైన పబ్బు. సముద్రం ఉండాల్సిన చోట నీలం గుడ్డ. పొద్దున్నుంచీ ఫైటర్లం కుర్చీలతో, సీసాలతో ఒకర్నొకరం బాదుకుంటూనే ఉన్నాం.

చివరి షాట్‌లో హీరో తంతే నా రూమ్మేట్ సైదులు పబ్బు తలుపు అద్దం పగలగొట్టుకుని పడాలి. రెండు తలుపుల్లో ఒకదానికే డమ్మీ అద్దం. గుర్తుకు దానిమీద సుద్దగీత పెడతారు. కెమెరాలో కనిపిస్తోందని ఎవడో వెధవ తుడిచేశాడు.

సైదులు అసలు అద్దంలోంచి దూసుకుపోయాడు. భుజం నుంచి మోచేతిదాకా చీలిపోయింది. కట్ చెప్పాక, పడ్డవాడు బొటనవేలు ఎత్తితే క్షేమమని లెక్క. వాడు ఎత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"బ్లడ్ భలే కుదిరిందండీ" అన్నాడు డైరెక్టర్.

ఆ షాట్‌కి రంగు నెత్తురు కలపనే లేదు. అద్దం పెంకుల మీదే పరిగెత్తాను.

ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే అడిగాను, "ఎందుకెత్తావురా?"

"ఎత్తకపోతే ఇంకో టేక్ అంటరు గదన్నా."

ఇందాక ఫైట్ మాస్టర్ ఫోన్ చేశాడు. "ఆ టేకే ఉంచుతున్నార్రా. రేపు వాడి బదులు నువ్వు రా. వాడి చొక్కా ఉతక్కు, కంటిన్యూటీకి ఆ మరకలతోనే నువ్వు వేసుకోవాలి."

చొక్కా అప్పటికే బకెట్లో నానుతోంది. నీళ్లింకా పూర్తిగా ఎర్రబడలేదు. తీసి తాడు మీద ఆరేశాను.

"అలాగే మాస్టారూ" అన్న నా నోటినే పగలగొట్టాలనుంది.