మోతి పక్కబట్ట

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కొడుకు మీద ఈ ఫిర్యాదు వాడి బిడ్డతోనే రాయిస్తున్నాను, విను.

మన ముసలి కుక్క మోతికి గోమార్లు పట్టి నెత్తురు పీలుస్తున్నాయని, పత్తికి చల్లగా మిగిలిన పురుగుమందు పొడిని దాని ఒంటి మీదా, పక్కబట్ట మీదా చల్లాడు.

“పత్తి పురుగే చస్తది, గోమార్లెంతనే అవ్వా!” అన్నాడు నీ కొడుకు నాతో.

“పత్తి ఒళ్లు నాక్కోదురా, కుక్క నాక్కుంటది!” అని తిట్టి, మోతిని సబ్బునీళ్లతో కడిగి, మాజ్రి ఊళ్లో ఉండే పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాను.

“ముసలి పాణానికి గా మందులొద్దు. రోజూ పేన్ల దువ్వెనతోని దువ్వు, పక్కబట్ట ఉడకబెట్టు” అన్నాడాయన.

మోతి బతికింది. దాని పక్కబట్ట నీ ఖాకీ చొక్కా. ఏడాదిగా దాన్ని నేను ఎవరినీ ఉతకనివ్వలేదు. నిన్న ఉడకబెట్టాను. మోతి దాన్ని రెండుసార్లు వాసన చూసి, వట్టి నేల మీద పడుకుంది.

ఆ ఒక్కదానికి మాత్రం నీ కొడుకును వదిలిపెట్టను.