మార్కరుతో దిద్దిన గీతలు

గురువారం, పదహారో తారీఖు
సాయంత్రం, డ్యూటీ గది

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. కానీ నిన్నటి నుంచి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. మీ బావగారు మాత్రం బాగానే ఉన్నారు, నా వంటకి వంకలు పెట్టే ఓపిక కూడా వచ్చింది. మరదలినీ పాపనీ అడిగానని చెప్పు.

ఇక అసలు సంగతి. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా, అందుకే రాస్తున్నాను. మూడు వారాల క్రితం మీ కంపెనీ మా ఆస్పత్రికి ఒకాయన్ని పంపింది. ఆపరేషన్ సామాన్లు మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేసే పనికి. నాలుగేళ్ళ అనుభవం అని కాగితంలో ఉంది. తీరా అడిగితే ఆ నాలుగేళ్ళూ పార్శిల్ ఆఫీసులో డబ్బాలు కట్టాడట! ఇక్కడ అందరూ పార్శిలాయన అనే పిలుస్తున్నారు. మీవాళ్ళు ఇచ్చిన శిక్షణ ఒక్క పూట. అందులో ఆయనకి గుర్తున్నది ఒక్కటే, మూటకి అంటించిన టేపు మీద గీతలు నల్లగా ఉండాలని.

నిజం చెప్పొద్దూ, మూట కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మూలలు కత్తిరించినట్టు ఉంటాయి. చూసి నేనూ మురిసిపోయాను.

ఆ గీతలు ఆవిరి తగిలితేనే నల్లబడతాయి. అంతదాకా మూటలే కట్టిన ఈయన సోమవారం సాయంత్రం నుంచి యంత్రం కూడా తానే నడుపుతూ, ఆవిరి మీట వదిలేసి ఆరబెట్టే మీట ఒక్కటే నొక్కుతున్నాడు. గీతలు పాలిపోయే ఉన్నాయి. టేపు అచ్చు సరిగా పడలేదనుకుని, స్కేలు పెట్టి మరీ ఒక్కొక్క గీతా మార్కరుతో దిద్దాడు. నిన్న ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఒక మూట అందుకుంటే నా బొటనవేలికి నల్లరంగు అంటింది. అన్నీ వెనక్కి తెప్పించాను. ఒక్కటి మాత్రం మంగళవారమే వాడేశారు, ఒకావిడ మోకాలికి. ఇప్పటిదాకా జ్వరం రాలేదు. చీము పడితే కాలికే ముప్పని డాక్టరుగారు పూటపూటా చూస్తున్నారు. ఆవిడకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

యంత్రం మొరాయించిందని రాసెయ్యమని ఫోన్లో అన్నావు. కాదంటే పార్శిలాయన్ని తీసేసి ఇంకొకర్ని పంపుతానన్నావు. యంత్రం నిక్షేపంలా ఉంది తమ్ముడూ, నోరు లేనిదాని మీదకి నెట్టను. ఆయన్నీ పంపించను. తెలియని పనిలో దించింది నువ్వు. పొద్దున నా ముందు కూర్చుని ఏడ్చాడు, అలా దిద్దకూడదని తనకి చెప్పినవాళ్ళే లేరన్నాడు. రేపటి నుంచి నేనే దగ్గరుండి నేర్పుతాను. నాకు నమ్మకం కుదిరేదాకా మీట ముట్టుకోడు. ఇకమీద నువ్వు ఎవర్ని పంపినా ముందు నా కళ్ళ ముందు చేసి చూపించాలి. కుదరదంటావా, పంపకు.

చిన్నప్పుడు నీ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టి నిన్ను గట్టెక్కించాను. ఈసారి ఆ పని నావల్ల కాదు. జరిగింది జరిగినట్టు రాసి పెద్ద డాక్టరుగారికి మధ్యాహ్నమే ఇచ్చేశాను. అందులో నీ కంపెనీ పేరుంది. కోపం వస్తే రా, ఎదురుగా కూర్చుని తిట్టు. భోజనం మాత్రం చేసి వెళ్ళు.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క

తా.క.: ఒక్క సంగతి పైన రాయలేకపోయాను. ప్రతి మూట టేపూ, ఆవిరి పట్టిందని యంత్రం ఇచ్చే చీటీ చూసి రిజిస్టరులో సంతకం పెట్టాల్సింది నేను. మూటలు అంత ముచ్చటగా కడుతున్నాడు కదా అని, సోమవారం పొద్దునే వారానికి సరిపడా సంతకాలు పెట్టేసి ఊరుకున్నాను. పెద్ద డాక్టరుగారికి ఇచ్చిన కాగితంలో నీ కంపెనీ కంటే ముందు నా పేరే ఉంది. ఈ ఉత్తరం ముగించాక లేచి ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఎవరు చూసి పంపారమ్మా అని అడిగింది. నేనే, చూడకుండా పంపాను అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. రేపు పొద్దున మళ్ళీ వెళ్తాను.