తాలింపు లేని వీధి

1961 మే, మంగళవారం

ఒళ్లంతా పొక్కులు. చాప గుచ్చుకుంటోంది, ఉప్పుగాలికి దురద ఆగడం లేదు. ఆటలమ్మేనని, పడుకుంటే తగ్గుతుందని గూడూరు డాక్టరు గారు చెప్పి పోయారు.

పొద్దున చూస్తే తలుపుకు వేపమండలు. పక్కింటి మస్తానమ్మ కట్టింది. ఇది దేవత కాదు, జబ్బు అని ఈ పాలెంలో మిషను తరఫున ఇన్నాళ్లూ బోధించింది నేనే. తీసేయమని చెప్పబోయి ఆగాను. వీధిలో చేపలు వేగే వాసన లేదు. పడవలు నిండుగానే వస్తున్నాయి కదా, ఏమైందని అడిగాను.

మస్తానమ్మ గుమ్మం బయటే నిలబడింది. "అమ్మోరు ఒంట్లో ఉన్నప్పుడు తాలింపు ఘాటు తగలకూడదు దొరసానమ్మా, నీకు మంట ఎక్కువవుద్ది. ఈదిలో ఎవురూ పొయ్యి మీద నూనె పెట్టలా. అందరం గంజే తాగతా ఉండాం."

వేపమండలు అలాగే ఉన్నాయి. తగ్గి చర్చికి వెళ్లాక, ఇవెందుకు ఉంచారని సంఘంలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

సముద్రం దాటి వచ్చినప్పటి నుంచి, తిన్న తిండికి రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్నాను. ఇవాళ, వీళ్లు వేపుకోని చేపలకు చెప్పుకున్నాను.