ఉప్పునీళ్ల తొట్టి ఎవరికంటే

నేను, కీర్తిశేషులు బండారి శంకరప్ప కూతురు బాలమణి, వయసు యాభై ఆరు, వృత్తి చేనేత, గద్వాల పట్టణ నివాసిని. సోమవారం హైదరాబాద్ దవాఖానల నా గుండెకు ఆపరేషన్ ఉన్నది. చెడింది గుండె కవాటమే, తలకాయ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి బలవంతం, ఎవరి బోధన లేకుండ, పూర్తి తెలివితో నా సొంత దస్తూరితో ఈ వీలునామా రాస్తున్న. పోయినేడు రాసిన కాగితం ఇక చెల్లదు. దాన్ని ఇయ్యాల పొద్దుగాల చించేసిన. అండ్ల నా తమ్ముని పేరు లేకుండె.

1. నాగర్‌కర్నూల్‌ల ఉండే జాన్ సార్ ఈ వీలునామాను అమలు జరుపవలెను. ఆయన రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. తొట్టి నీళ్లల్ల ఉప్పు ఎంతున్నదో కొలుచుడు నాకు నేర్పింది ఆయనే. సార్, మీరు మెల్లగ మాట్లాడుతరు, మావోళ్లు ఒర్రుతరు. జర ఓపిక పట్టుండ్రి.

2. నా మగ్గం, దాని సామాను, రంగుల పట్టు మొత్తం పక్కింటి గీతకు చెందవలెను. మగ్గం మీద సగం నేసిన చీర ఉన్నది. దాని అంచు రంగు తొట్టిల ఉన్న ఊదా పగడాన్ని చూసి అద్దించిన. గీతా, అది పూర్తి చెయ్యి, కానీ షావుకారికి ఇయ్యకు. ఇన్నేండ్లు ఊరందరికీ నేసినవు, ఒక్కటన్న నువ్వు కట్టుకో.

3. మగ్గం అర్రల ఉన్న నాలుగడుగుల ఉప్పునీళ్ల తొట్టి, అందులోని పగడాలు, చేపలు, పంపులు, ఇన్వర్టర్ సహా, నా తమ్ముడు మహేందర్ బిడ్డ అశ్వినికి సర్వహక్కులతో చెందవలెను. అశ్విని వనపర్తిల డిగ్రీ చదువుతున్నది. నేను, వాళ్ల నాయిన మాట్లాడుకోకున్నా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి తొట్టి అద్దాలు తుడిచి పోయింది. పదేండ్ల కింద చేనేత మేళాకు మద్రాసు పోయినప్పుడు ఇసొంటి తొట్టి చూసి, సముద్రం లేని ఊర్ల సముద్రం పెట్టుకున్న. నవ్వినోళ్లు నవ్విన్రు.

ఇంత రాసి లేచి పోయి పంపు చూసొచ్చిన. నడుస్తున్నది. రెండోసారి గూడ చూసిన.

4. అశ్వినీ, పురుగు పడితే ఏం చేయాలెనో రాస్తున్న. ఇది షరతు అనుకో.

ముందు ఆ పురుగేందో తెలుసుకో. రాళ్ల సందుల ఉండే నూగు పురుగులు మిగిలిన మేత తిని బతుకుతయి, వాటి జోలికి పోకు. పగడాల మీద తుప్పు తీరు పరుచుకునే ఎర్ర చదును పురుగులతోనే తంటా. సన్న పైపుతోని వారం వారం వాటిని పీల్చి పారెయ్యి. మేత తగ్గియ్యి. ఆ తర్వాతనే చేప సంగతి.

చేప పురుగును తింటదా అని ఒక్కటే అడగకు. తోటి చేపలను బతకనిస్తదా, మన తొట్టి దానికి సరిపోతదా, పురుగులు అయిపోయినాక ఏం తింటది, ఈ మూడు గూడ అడుగు. ఆరు గీతల చేప పురుగును మంచిగ తింటది గానీ చిన్న చేపలను తరుముతది. ఆకుపచ్చ, నీలం చారల మాండరిన్ చేప శాంతంగనే ఉంటది. మన తొట్టిల దానికి తిండి చాలక ఎండిపోయి చస్తది, రంగు చూసి తేకు.

మళ్ల పురుగులు పడ్డంక తెచ్చిన ఈ పసుపు చేప మంచిది. వచ్చిన నాడే ఇసుకల దూరింది. మూడు దినాలు కనబడలే. చచ్చిందేమోనని నేను పుల్ల పట్టుకుని తొట్టి చుట్టూ తిరిగిన. జాన్ సార్ ఫోన్ల "తవ్వకమ్మా, అది పండుకునేది అట్లనే" అన్నడు. నాలుగో రోజు తలకాయ బయట పెట్టింది. మూడు నెలలల్ల పురుగులు మస్తు తగ్గినయి. ఇసుక మూడు వేళ్ల మందం ఉండాలె. పైన కప్పిన జాలీ తీయకు, ఎగిరి దుంకుతది. పురుగులు తింటదని పస్తు పెట్టకు. ఏ కొత్త చేపనైనా నెల రోజులు వేరే తొట్టిల పెట్టి చూడు.

5. నా ఇల్లు నా తమ్ముడు మహేందర్‌కు చెందవలెను. ఇల్లుతో పాటు ఒక నిజం గూడ వానికి చెందవలెను.

పోయినేడు ఉగాది దాటినాక ఎర్ర పురుగులు పగడాలను కప్పేసినయి. మహేందర్ హైదరాబాద్ పోయి ఆరు గీతల చేపను సంచిల పెట్టుకుని, బస్సుల ఒళ్లె పట్టుకుని తెచ్చిండు. "అక్కా, శాంతంగ ఉంటదని దుకాణపాయన చెప్పిండు, రెండుసార్లు అడిగిన" అన్నడు. వారంలోపల అది తొట్టిల ఉన్న చిన్న నిప్పురెక్క చేపను తరిమి తరిమి బయటికి దుంకించింది. మగ్గం గుంట పక్కన ఎండిపోయి దొరికింది. అందరికి తెలిసిన కథ అంతవరకు నిజమే.

పురుగులు ఇంకా పోలేదని నాకు ఆగబుద్ధి కాలే. మందు సీసా తెప్పించి పోసిన. ముందు పురుగులను పీల్చి తీయాలెనని సీసా మీద రాసి ఉన్నది, చదివిన, తియ్యలే. అవి ఒక్కసారే చచ్చి నీళ్లన్నీ ఇషమైనయి. తొమ్మిదేండ్ల నుంచి నేను సాకిన నారింజ చేపల జంట మధ్యాహ్నానికే పక్కకు ఒరిగిపోయింది.

అప్పుడే మహేందర్ వచ్చిండు. నేను సీసాను పట్టు కండెల కింద దాచి, వాని మీద ఎగవడ్డ. "నీ చేపనే చంపింది. నీ చెయ్యి పడితే ఏదీ బతకదు. అమ్మను దవాఖాన నుంచి తొందరపడి తోల్కొచ్చింది గూడ నువ్వే" అన్న. వాడు "సరే అక్కా" అని చెప్పులేసుకుని పోయిండు. మళ్ల రాలే. జాన్ సార్ ఆ ఆరు గీతల చేపను తీస్కపోయి వేరే తొట్టిల ఒంటిగ పెట్టుకున్నడు. "మందేమన్న పోసినవా?" అని సార్ అడిగితే ఆయనకు గూడ లేదనే చెప్పిన.

మహేందర్, ఆ జంటను చంపింది నేను. అమ్మను ఇంటికి తీస్కపోదామని ముందు అన్నది గూడ నేనే. నువ్వు సంతకం మాత్రమే పెట్టినవు. ఇంటికొచ్చినాక అమ్మ పోతే, అందరు నిన్ను అనంగ నేను ఊకున్న.

6. ఐదోది రాసినాక కూసోబుద్ధి కాలే. లేచిన, కూసున్న, నీళ్లు తాగిన. నేను చచ్చినాక ఇది జాన్ సార్ చదివి వినిపిస్తే మహేందర్ నన్ను ఏమనాలె, ఎవరిని అనాలె? వానికి ఫోన్ చేసిన. పదహారు నెలలకు. హలో గూడ అనకుండ ఐదో నిబంధన మొత్తం చదివిన.

"అక్కా, ఆపరేషన్‌కు రక్తం ఎన్ని సీసాలు గావాలన్నరు?" అని అడిగిండు.

ఆపరేషన్ సంగతి అశ్విని చెప్పినట్టున్నది. రెండన్నరని చెప్పిన.

"నాది నీ గ్రూపే. రేపు పొద్దుగాల బస్సుకు వస్త" అన్నడు.

కాబట్టి ఐదో నిబంధనను కొట్టేయలేదు. నేను బతికి వచ్చినా అది చెల్లుతది.

తేదీ: 16 ఆగస్టు 2025, గద్వాల.

(సంతకం) బండారి బాలమణి

మా ఎదుట చదివి సంతకం చేసినదానికి సాక్షులు:
శైలజ, టీచరు, గద్వాల
వెంకటన్న, అద్దకం పని, గద్వాల